పిడికిలికి లొంగిన పరుపు

మా గల్లీలో పరుపును కంటితో చూసి కొనరు. పిడికిలితో చూస్తారు.

పెళ్లి పరుపు తీసుకుపోయేందుకు వచ్చినవాళ్లలో ఒక పెద్దమనిషి ముందుకొస్తాడు. చొక్కా చెయ్యి పైకి మడిచి, పరుపు నడిమధ్య పిడికిలి ఆనించి, ఒంటి బరువంతా దాని మీద వేస్తాడు. పిడికిలి దిగకపోతే తలాడించి ఆటోను పిలవమంటాడు. దిగిందా, "సాయిబు పత్తి మింగిండు" అంటాడు. ఆ మాట ఒకసారి మీద పడితే ఎన్ని నీళ్లతో కడిగినా పోదు.

ఇమాం పాషా మీద ఆ మాట ఎన్నడూ పడలేదు. ఎనుమాముల మార్కెట్‌కు పోయే రోడ్డు పక్కన, రేకుల షెడ్డులో ఆయన దూది మిషన్ ఉంది. గల్లీకి ఇవతల నా కుట్టుమిషన్. ఆయన పరుపులకు గలేబులు కుట్టేది నేనే. ఆయన మిషన్ నడిచినంతసేపూ తెల్లటి నుసి గల్లీ దాటి వచ్చి నా కనురెప్పల మీద వాలేది.

"కుమారస్వామీ, నీ తల నెరిసింది వయసుకు కాదు, నా వల్లనే" అని నవ్వేవాడు పాషన్న.

పని చేసేటప్పుడు ఆయన ముక్కుకు గుడ్డ కట్టుకునేవాడు. భార్య రహీమాబీ పాత నూలు చీర చింపి, రెండు మడతలు పెట్టి ఇచ్చేది. ఒక్క మడతైతే నుసి లోపలికి పోతుంది. మూడు మడతలైతే ఊపిరాడదు. "నీ పానం రెండు మడతల కాడ నిలవడ్డది, జర యాదుంచుకో" అనేది ఆమె. వాళ్లింట్లో మాట్లాడేది తెలుగే. ఉర్దూ మాట్లాడే చుట్టాలు వస్తే పాషన్న "అచ్ఛా" అని, "జీ" అని, ఆ రెండు మాటలతోనే పూట గడిపేసేవాడు. చుట్టాలు పోయాక రహీమాబీ ఆయన్ను ఆ రెండు మాటలతోనే ఆట పట్టించేది.

దుకాణం గోడకు, మిషన్ వెనక, ఒక పాత విల్లు వేలాడుతుండేది. మనిషికన్నా పొడుగు. దానికి గొర్రె నరంతో చేసిన నారి. కింద మేకుకు నున్నగా అరిగిన చెక్క గుండు. అది పాషన్న తండ్రిది. పత్తి ఏరడాలు అయిపోయిన రోజుల్లో ఆ విల్లు భుజాన వేసుకుని ములుగు దిక్కు ఊర్లు తిరిగేవాడట. నారి మీద గుండుతో కొడితే వచ్చే చప్పుడు వాడ చివరి దాకా వినిపించేది. అది వినగానే ఆడవాళ్లు గడ్డలు కట్టిన పాత పరుపులు, మెత్తలు వాకిట్లో పడేసేవాళ్లు.

పని మొదలుపెట్టే ముందు ఆ ముసలాయన పిల్లలకు ఒకటి చూపించేవాడు. గడ్డకట్టిన దూది పిడికెడు తీసి, తక్కెడలో ఒక రాయికి సరితూచేవాడు. తర్వాత దాన్ని నారి కింద పెట్టి ఏకేవాడు. గడ్డ విచ్చుకుని, పొంగి, గంపెడు అయ్యేది. దాన్నంతా మళ్లీ తక్కెడలో కుక్కి అదే రాయితో తూచేవాడు. ముల్లు కదిలేది కాదు.

"బరువు గంతనే ఉన్నది. మరి గింత జాగ ఎవలు ఆక్రమించిండ్రు?" అని అడిగేవాడు.

"గాలి!" అని అరిచేవాళ్లు పిల్లలు.

"ఆఁ. పత్తి మీ శేనుది, పరుపు మీ అవ్వది. నేను గాలి కలిపి పోతాన. ఆ గాలికే నాకు బువ్వ" అనేవాడు.

పాషన్న ఆ మాట నాకు చాలాసార్లు చెప్పాడు. కానీ ఆయన బతికింది ఊర్ల మీద కాదు, పట్నంలో. మిషన్ వచ్చింది, పత్తి కిలోల లెక్కకు మారింది, పిడికిలి పరీక్ష వచ్చింది. ఎంత కుక్కితే అంత నిజాయితీ అనుకునే కాలం. ఆయన కూడా అలాగే కుక్కేవాడు. దబ్బనంతో టాకాలు బిగించి లాగితే పరుపు పలకలాగా నిలబడేది. ఊరంతా స్పాంజి పరుపులకు మళ్లినా, "పాషా పరుపు" అనే పేరు మాత్రం నిలిచింది.

ఆ పేరు వినే మొగిలమ్మ వచ్చింది. అవి ఎండలు ముదిరిన రోజులు.

"పాషన్నా, నువ్వు పెండ్లికి చేసే పరుపు ఉంటది గదా, అసొంటిది ఒకటి గావాలె నాకు."

"ఎవరి పెండ్లి, చెల్లె?" అన్నాడు ఆయన, దూదిలోంచి తల ఎత్తకుండా.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. అప్పుడు ఆయన మిషన్ ఆపాడు.

మొగిలమ్మ భర్త యాకయ్య మార్కెట్‌లో హమాలీ. మిర్చి సీజన్‌లో, ఎత్తుగా పేర్చిన బస్తాల మీద నుంచి జారి వెల్లకిలా పడ్డాడు. వెన్నుపూస విరిగింది. పెద్ద దవాఖానలో ఆపరేషన్ చేశారు, ప్రాణం దక్కింది. నడుము కింద మాత్రం ఇక ఏ స్పర్శా లేదు, లేచి నడవడం ఉండదని చెప్పి ఇంటికి పంపారు. తోటి హమాలీలు ప్రేమతో ఒక స్పాంజి పరుపు కొనిచ్చారు. మీద నున్నటి రెగ్జిన్ తొడుగు, తుడిస్తే శుభ్రమయ్యేది. బాలాజీ నగర్‌లో వాళ్లది రేకుల ఇల్లు. మే నెల ఎండ. రెగ్జిన్‌కూ ఒంటికీ మధ్య చెమట చెరువులా నిలిచింది. నడుము కింది ఎముక దగ్గర చర్మం ఎర్రబడి, తర్వాత నల్లబడి, చివరికి పుండు పడింది.

"నొప్పి గూడ తెల్వదన్నా ఆయినకు. నేను చూసి చెప్తెనే తెలుస్తది, పుండు ఉన్నదని" అంది మొగిలమ్మ. "నూలు పరుపైతే సల్లగ ఉంటదంటాండ్రు."

"పొయ్యిరా చెల్లె. ఫికర్ పడకు. నేనే తెస్త" అన్నాడు పాషన్న.

ఆ పరుపును ఆయన సొంత బిడ్డ పెళ్లికి చేసినట్టు చేశాడు. మార్కెట్‌కు పోయి కొత్త దూది ఏరి తెచ్చాడు. పాలలాంటి తెలుపు, ఆకు తునక కూడా లేదు. మామూలుగా వేసేదానికన్నా ఎక్కువ వేశాడు. ఎక్కువ వేయడమే ఆయనకు తెలిసిన దయ. టాకాలు దగ్గర దగ్గరగా వేసి, దారం చేతికి చుట్టుకుని, కాలు అదిమిపెట్టి లాగాడు. తయారయ్యాక నన్ను పిలిచి "గుద్దు" అన్నాడు. గుద్దాను. నా వేళ్ల గెణుపులే నొచ్చాయి.

ఇద్దరం ఆటోలో తీసుకుపోయాం. మొగిలమ్మ తమ్ముడు సదానందం, అతనూ హమాలీయే, యాకయ్యను పసిపిల్లాణ్ణి ఎత్తినట్టు ఎత్తి పక్కకు పెట్టాడు. పాషన్న మంచం మీద పరుపు పరిచి, మూలలు సర్దాడు. యాకయ్యను మళ్లీ పడుకోబెట్టాక, అతను పక్కనే పిడికిలి బిగించి పరుపును ఒత్తి చూశాడు. అలవాటు ఎక్కడికి పోతుంది.

"దిగుతలేదు సాయిబన్నా! బస్తా మీద పండినట్టే ఉన్నది. ఇన్నేండ్లు బస్తా నా మీద ఉండె, ఇగ నేను దాని మీద ఉంట."

అందరం నవ్వాం. మొగిలమ్మ కూడా నవ్వింది. "అన్నారం దర్గకు మొక్కుకుంటె పుట్టిన్నట, గందుకే ఆ వలీ పేరు మీద యాకయ్యని పెట్టిండ్రు. నేను నీకు సగం చుట్టాన్నే, ఇగ పరుపు పైసల బాకీ లేనట్టే" అన్నాడు యాకయ్య. పాషన్న ఆ ఇంట్లో చాయ్ తాగి, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ ఒకసారి వెనక్కి తిరిగి పరుపు వైపు చూసుకున్నాడు. పని బాగా వచ్చినప్పుడు ఆయన అలా చూస్తాడు.

కొన్నాళ్లకు, ఎలా ఉందో చూద్దామని మళ్లీ పోయాం. అప్పుడే బస్తీ దవాఖాన నర్సు యమున వచ్చి కట్టు మారుస్తోంది. యాకయ్యను పక్కకు తిప్పి ఉంచారు. పుండు నేను ఊహించినదానికన్నా పెద్దది. మూత తీసిన డబ్బాలా లోపలికి కనిపిస్తోంది. పాషన్న గోడ పట్టుకున్నాడు.

"పరుపు చేసింది మీరేనా?" అంది యమున, చేతి పని ఆపకుండా. "మీ తప్పని నేనంటలేను అన్నా. ఏ పరుపుతోని పుండు మానదు. రెండు గంటలకోసారి పక్కకు తిప్పుడు, తిండి సక్కగ పెట్టుడు, అది ముందు. వీళ్లు తిప్పుతాండ్రు గూడ. కాని ఇది మరీ గట్టిగున్నది. ఎముక కింద తోలు నలుగుతాంది. చెమట ఎటూ పోక తోలు నానుతాంది. నానిన తోలు ఎంత సేపు ఆగుతది?"

"గాలి పరుపులు ఉంటయంట గదమ్మా?" అన్నాడు సదానందం.

"రాసి పంపిన. వచ్చే దాక ఆగాలె. కాని పుండు ఆగదు గదా." ఆమె కట్టు ముగించి, చేతులు కడుక్కుంటూ గొంతు తగ్గించింది. "ఇంకింత లోపటికి పోతె ఎముకను పడుతది. అటెన్క రక్తంల విషం కలుస్తది. అప్పుడు నా చేతుల ఏం ఉండదు."

ఆమె పోయాక పాషన్న మంచం దగ్గర కూర్చున్నాడు. అరచేతిని యాకయ్య నడుముకూ పరుపుకూ మధ్య మెల్లగా దూర్చి, కాసేపు అలాగే ఉంచాడు. బయటికి తీస్తే చెయ్యి నీళ్లలో ముంచినట్టు మెరిసింది. దాన్ని ఆయన తుడుచుకోలేదు. దారి పొడుగునా ఆ చెయ్యి ఒడిలో పెట్టుకునే కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున దుకాణం తెరిచినా మిషన్ చప్పుడు రాలేదు. నేను పోయి చూస్తే ఆయన పీట మీద కూర్చుని ఉన్నాడు. ముందర ఒక చెంబు నీళ్లు, కొత్త దూది పింజ ఒకటి, ముక్కుకు కట్టుకునే పాత చీర గుడ్డ.

"చూడు" అన్నాడు. వేలు నీళ్లలో ముంచి, ఒక బొట్టు కొత్త దూది మీద వేశాడు. బొట్టు తామరాకు మీద నిలిచినట్టు గుండ్రంగా నిలబడింది. ఇంకో బొట్టు పాత గుడ్డ మీద వేశాడు. పడ్డది పడ్డట్టే మాయమైంది.

"కొత్త దూదికి ఇంకా చెట్టు జిడ్డు పోలేదు కుమారూ. అది నీళ్లు పట్టదు. మంచి దూది, మంచి దూది అని ఏరి ఏరి తెచ్చిన. దాన్ని మళ్ల రాయి లెక్క కుక్కిన. గాలిని నా చేతులతోనే ఎల్లగొట్టిన. ఆ చెమట ఎటు పోవాలె?" చెంబు పక్కకు జరిపి, "మా నాయిన బువ్వ తిన్నది గాలికి. నేను తిన్నది గాలిని తీసేసినందుకు" అన్నాడు.

ఆదివారం మార్కెట్‌కు సెలవు. ఆ రోజు బాలాజీ నగర్‌కు పోయి, యాకయ్యను నులక మంచం మీద బొంత పరిచి పడుకోబెట్టించి, పరుపును వాకిట్లోకి లాక్కొచ్చాడు. కత్తెరతో టాకాలు తెంపడం మొదలుపెట్టాడు. వాడంతా మూగింది. పొట్ట కోసిన పరుపులోంచి తెల్లటి దూది ఉబికి వస్తుంటే ఆయన దాన్ని చేతులతో తీసి ఒక పక్క కుప్ప పోస్తున్నాడు. తిరిగి నింపడానికి పక్కన పెట్టింది మాత్రం చిన్న కుప్ప.

"ఇదేంది సాయిబూ? సగం తీసేస్తానవ్?" అంది పక్కింటి ముసలమ్మ.

"తీస్తాన అవ్వా."

"తీసింది ఏడికి పోతది?" ఈసారి అడిగింది సదానందం. వాకిట్లో నవ్వులు వినిపించాయి. "బీమారైనోని పరుపులకెల్లి గూడ పత్తి తీస్కపోతారా? లేచి చూసుకోలేడనేనా?"

మొగిలమ్మ "తమ్మీ!" అని అరిచింది. కానీ ఆమె కళ్లు కూడా పెద్ద కుప్ప మీదే ఉన్నాయి.

పాషన్న ముఖం నల్లబడింది. నేను ఏదో అనబోతే మోచేత్తో ఆపాడు. లేచి, గోనె సంచి ఒకటి అడిగి తీసుకున్నాడు. తీసిన దూదినంతా అందరూ చూస్తుండగా అందులో వదులుగా నింపి, మూతి కట్టి, వెనక వంట కొట్టంలోకి నడిచాడు. అక్కడ కట్టెల పొయ్యి ఉంది, మొగిలమ్మ రోజూ దాని మీద భర్త ఒళ్లు తుడిచేందుకు నీళ్లు కాస్తుంది. పొయ్యికి ఎడంగా, నిప్పురవ్వ అందనంత ఎత్తున, పీట ఎక్కి కప్పు కింది ఇనప పైపుకు సంచిని వేలాడగట్టాడు.

"చెల్లె, నీ పత్తి నీ ఇంట్లనే ఉన్నది. దీన్ని దించకు, కిందవడెయ్యకు. గిట్లనే ఉండనియ్యి" అన్నాడు. సదానందం వైపు చూడలేదు.

తర్వాత అసలు పని. ఒకటే పరుపు వద్దన్నాడు. అడ్డంగా మూడు మెత్తలు చేయాలి, మంచం మీద ఒకదాని పక్కన ఒకటి సరిపోయేలా. నడుమ మెత్తకు మాత్రం జోడు ఉండాలి. తడిసినది ఎండలోకి, ఆరినది మంచం మీదికి. యాకయ్యకు పెట్టిన మూత్రం పైపు కారినప్పటి కోసం రెగ్జిన్‌ను మంచం నులక మీద పరచాలి, మెత్తకు కింద, ఒంటికి తగలకుండా. పాత మెత్తల దూది, మా ఇంటి నుంచి కొంత, తన ఇంటి నుంచి కొంత, సబ్బునీళ్లలో ఉడకబెట్టి ఆరబెట్టి, పై పొరగా వేస్తానన్నాడు.

"మరి గలేబు?" అని అడిగాను.

"పాత బట్ట గావాలె. మస్తుసార్లు ఉతికింది. చెల్లె, యాకయ్య తువ్వాళ్లు ఉన్నయా?"

ఉన్నాయి. బస్తాలు మోసేటప్పుడు నెత్తికి, వీపుకు వేసుకున్న నూలు తువ్వాళ్లు. ఉతికి ఉతికి అవతలి వెలుతురు కనిపించేంత పల్చబడ్డాయి. మొగిలమ్మ అవన్నీ మూటగట్టి నా చేతిలో పెట్టింది. దుకాణానికి తెచ్చి మూట విప్పానో లేదో ఐదారు తుమ్ములు వచ్చాయి. ఏళ్ల తరబడి మిర్చి బస్తాల కింద ఉన్న బట్ట. ఆ కారం నూలుపోగుల సందుల్లో అలాగే దాక్కుని ఉంది. చెమటను తాగే బట్ట కారాన్నీ తాగుతుంది మరి. ఇది పుండు పక్కన పరిస్తే ఏమవుతుంది? మూటను మళ్లీ మొగిలమ్మకే ఇచ్చాం. ఆమె వాటిని వేడినీళ్లలో నానబెట్టి ఉతికింది. ఎండబెట్టాక పాషన్న ఒక తువ్వాలు తీసుకుని తన కంటిరెప్పకు అద్దుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె మళ్లీ ఉతికింది. మళ్లీ అద్దుకున్నాడు. కన్ను మండటం ఆగేదాకా ఆ తువ్వాళ్లు నా మిషన్ మీదికి రాలేదు.

నేను వాటిని ఒకదానికొకటి అతికి గలేబులు కుట్టాను. అంచులు పైకి తేలితే చర్మానికి ఒరుసుకుంటాయి కాబట్టి, అతుకులన్నీ పక్కలకు, కిందికి వచ్చేలా పెట్టాను. పాషన్న దూది పరిచి, టాకాలు దూరదూరంగా, దారం బిగించకుండా వేశాడు. ఆయన వేళ్లకు ఆ అలవాటు లేదు. దారం చేతికి అందగానే లాగబోయేవి. ప్రతిసారీ ఆగి, సడలించి, ముడి వేసేవాడు.

మెత్తలు మంచం మీదికి వెళ్లిన రోజు ముసలమ్మ వచ్చి పిడికిలితో ఒత్తింది. పిడికిలి మణికట్టు దాకా దిగిపోయింది.

"ఓయమ్మో! ఇది పరుపా, పిచ్చిక గూడా?" అంది. బయట ఎవరో ఆ మాట అననే అన్నారు, సాయిబు పత్తి మింగిండని. మార్కెట్ దాకా పాకింది. ఆ నెలలో పెళ్లి పరుపులు చెప్పిన ఇద్దరు వచ్చి వద్దన్నారు. పాషన్న వాళ్లకు ఏ కారణమూ చెప్పలేదు. "మంచిది" అన్నాడు.

వదులుగా పరిచిన దూది నాలుగు రోజుల్లో ఒంటి బరువుకు అణిగిపోతుంది. దాన్ని మళ్లీ మళ్లీ విప్పి ఏకాలి. మెత్తలు దుకాణానికి తెస్తే అక్కడ మంచం ఖాళీ అవుతుంది, మిషన్‌ను వాళ్ల ఇంటికి మోసుకుపోలేం. ఒకరోజు పాషన్న మిషన్ వెనక గోడ మీది విల్లును దించాడు. బూజు తుడిచాడు. నారి ఎండిపోయి ఉంటే నూనె చేత్తో రాసి బిగించాడు. దాన్ని భుజాన వేసుకుని బయల్దేరితే రహీమాబీ గుడ్డ తీసుకుని వెనకాలే వచ్చింది.

"ముక్కుకు కట్టుకో. మీ నాయిన కట్టుకోకనే దగ్గి దగ్గి పోయిండు" అంది.

బాలాజీ నగర్ వాకిట్లో చాలా ఏళ్ల తర్వాత ఆ నారి చప్పుడు లేచింది. ముందు తడబడింది, గుండు జారింది, పిల్లలు నవ్వారు. తర్వాత చేతికి పట్టు దొరికింది. లోపల యాకయ్య ఆ చప్పుడు వింటూ పడుకునేవాడు.

"సాయిబన్నా, ఎన్నడన్న పాట పాడుతవా, గిదేనా?" అనేవాడు.

"గిదే నాకు వచ్చింది."

"నాకు గదీ రాదు."

యమున కట్టు మార్చడానికి వచ్చినప్పుడల్లా పాషన్న ఆమె ముఖమే చూసేవాడు. ఆమె మొదట్లో కట్టు మార్చి వెళ్లిపోయేది. తర్వాత ఒకసారి "పెరగలే" అంది. ఇంకోసారి "అంచులు ఎర్రగయినయి, మంచిదే" అంది. తిప్పడం మానొద్దని మాత్రం ప్రతిసారీ సదానందంతో అనేది. అతను పగలు బస్తాలు మోసి వచ్చి, రాత్రి అక్కతో వంతులు వేసుకుని బావను తిప్పేవాడు. పాషన్నతో మాత్రం మాట్లాడేవాడు కాదు.

అంతలో వాన పట్టింది.

ఒకరోజు కాదు, రెండు రోజులు కాదు. రేకుల మీద ఆగని మోత. వాకిట్లో మోకాలి లోతు బురద. ఎండ ముఖమే లేదు. నూలు చెమటను తీసుకున్నట్టే గాలిలోని తడినీ తీసుకుంటుంది. మెత్తలు బరువెక్కాయి. జోడు మెత్త దండెం మీద వేలాడుతూ ఆరకుండా వాసన పట్టింది. మంచం మీదిది అంతకన్నా నయం కాదు. మొగిలమ్మ ఫోన్ చేస్తే పాషన్న విల్లు పట్టుకుని వానలోనే పోయాడు, నేను గొడుగు పట్టాను.

ఆయన అరచెయ్యి నడుము కిందికి దూర్చి తీశాడు. తడి. మొదటి రోజు తడిలాంటిదే.

"అన్నా, ఇన్ని దినాల కష్టం పోతదా?" అంది మొగిలమ్మ.

ఆయన లేచి వంట కొట్టంలోకి పోయాడు. పొయ్యి వెలుగుతోంది. పైన గోనె సంచి పొగకు మసిబారి వేలాడుతోంది. చెయ్యి ఎత్తితే ఆయనకు అందలేదు. వెనకాల వచ్చిన సదానందం ఆయన్ను తప్పించి, తాను అందుకుని దించాడు. మూతి విప్పి లోపల చెయ్యి పెట్టాడు. కాసేపు ఆ చెయ్యి అలాగే ఉండిపోయింది.

"ఎచ్చగున్నది" అన్నాడు.

రోజూ కింద నీళ్లు కాగాయి, రోజూ ఆ వేడి గోనె సందుల్లోంచి లోపలికి పోయింది. నెలల క్రితం తీసిన దూది, ఆ ముసురులోనూ ఎండుపుల్లలా పొడిగా ఉంది.

"గిది నేను తీస్కపోతాననుకుంటివి" అన్నాడు పాషన్న, మెల్లగా. ఎత్తిపొడుపు లేదు ఆ గొంతులో.

"అనుకున్న, అన్నా" అన్నాడు సదానందం. అతను ఆయన్ను అన్నా అని పిలవడం అదే మొదలు. "ఏం చెయ్యాల్నో చెప్పు."

వంట కొట్టంలోనే, పొయ్యి ఆర్పించి, గుడ్డ ముక్కుకు కట్టుకుని ఆయన దూది ఏకాడు. విల్లు పై కొస కప్పుకు తగులుతుంటే సదానందం దాన్ని వంచి పట్టుకున్నాడు. నేను ఇస్త్రీపెట్టెతో గలేబులు ఆరబెట్టాను. తడి దూది తీసి సంచిలో నింపి మళ్లీ పైకి కట్టాం, పొడి దూది మెత్తల్లోకి పోయింది. వాన వెలిసేదాకా అదే పద్ధతి. సంచిలోది మెత్తలోకి, మెత్తలోది సంచిలోకి. పై పొరగా మాత్రం ఉడకబెట్టిన పాత దూదే. అణిగినది లేపడం, తడిసినది ఎండగట్టడం.

వానలు వెనకబట్టాక గాలి పరుపు వచ్చింది. యమున దగ్గరుండి దాన్ని మంచం మీద వేయించింది. అప్పటికి పుండు పైకి పూడుతోంది. కరెంటు పోయినప్పుడు ఆ పరుపు చప్పబడుతుంది, కాబట్టి మెత్తలు అటక మీద సిద్ధంగా ఉండాలని ఆమే చెప్పింది. తువ్వాలు గలేబు ఒకటి ఇప్పుడు ఆ గాలి పరుపు మీద పరిచి ఉంటుంది.

యాకయ్య లేవలేదు. లేవడు కూడా. ఆ సంగతి ఆ ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ అనరు. గడ్డం గీయించుకుని, కిటికీ వైపు తిరిగి, మార్కెట్‌కు పోయే ట్రాలీల మోత విని అందులో మిర్చి ఉందో పత్తి ఉందో చెబుతాడు. చాలాసార్లు నిజమే అవుతుంది.

పాషన్న పెళ్లి పరుపులు మళ్లీ చేస్తున్నాడు. పిడికిలికి దిగనివే చేస్తాడు, అడిగినవాళ్లకు అడిగినట్టు. ముసలివాళ్లకని, మంచాన పడ్డవాళ్లకని ఎవరైనా వస్తే మాత్రం పరుపు చూపించే ముందు చెంబు నీళ్లు తెప్పిస్తాడు.

మొన్న కరెంటు లేని ఒక మధ్యాహ్నం మేం పోయేసరికి యాకయ్య మెత్తల మీద ఉన్నాడు. పాషన్న మంచం పక్కన కూర్చుని, అరచేతిని నడుము కిందికి పోనిచ్చి, కళ్లు మూసుకుని కాసేపు ఉంచాడు. యాకయ్యకు ఆ చెయ్యి తగిలేది తెలియదు. అతను పాషన్న ముఖం వైపే చూస్తున్నాడు.

"ఎట్లున్నది సాయిబన్నా?"

పాషన్న చెయ్యి తీసి అతని కళ్ల ముందు పెట్టాడు. అరచెయ్యి పొడిగా ఉంది. గీతల్లో ఒక దూది పోగు అంటుకుని ఉంది.

యాకయ్య దాన్ని ఊదాడు.